ఎన్ని వాట్సులని కాదు, మాట వినబడుతుందా?

మాది జైపూర్. పింక్ సిటీ కాదు, మంచిర్యాల జిల్లా జైపూర్. డాబా ఎక్కితే సింగరేణి థర్మల్ ప్లాంటు చిమ్నీలు కనిపించే జైపూర్. ఆన్‌లైన్‌లో ఏం ఆర్డర్ పెట్టినా కస్టమర్ కేర్ వాళ్లు నాతో హిందీలోనే మొదలుపెడతారు. దసరా ముందు అలా వచ్చిన ఫోన్ ఒక ఏవీ రిసీవర్ గురించి. డెలివరీకి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరుంటారని అడిగితే, "మా నాన్న ఉంటారు, ఆయన నంబర్ రాసుకోండి" అని చెప్పేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది. ఫోన్ మోగితే బాపుకి వినబడదు కదా!

అసలు ఆ రిసీవర్ కొన్నదే అందుకు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకోసారి ఇంటికి వస్తాను. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు అందరం కూర్చుని ఓటీటీలో సినిమా పెట్టుకున్నాం. రెండు నిమిషాలకోసారి బాపు అమ్మ వైపు తిరిగి "ఏమన్నడు?" అంటాడు. అమ్మ చెబుతుంది. ఆమె చెప్పేలోపు తర్వాతి డైలాగ్ పోతుంది. మళ్లీ "ఏమన్నడు?" ఇంటర్వెల్ దాకా ఓపిక పట్టి అమ్మ అనేసింది: "సినిమా అయినంక మొత్తం చెప్త, జర ఊకో." బాపు ఏమీ అనలేదు. కాసేపాగి లేచి బయట అరుగు మీద కూర్చున్నాడు. సినిమా అయిపోయేదాకా లోపలికి రాలేదు.

మరి వాల్యూమ్ పెంచొచ్చుగా అంటారా? పెంచాం. మాటలకు సరిపోయేలా పెంచితే ఫైట్ రాగానే కిటికీ అద్దాలు దడదడలాడాయి. పక్కింటి మామది ఆ వారం నైట్ షిఫ్టు. రాత్రంతా బాయిలో ఉండి పొద్దున వచ్చి పడుకున్న మనిషి. గోడ మీద టకటకా కొట్టాడు. మా బొగ్గు బెల్టులో హోమ్ థియేటర్ పెట్టుకునేవాళ్లు ముందు కనుక్కోవాల్సింది రిసీవర్ రేటు కాదు, పక్కింటాయన షిఫ్టు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో సౌండ్ అంటే అది బాపు డిపార్ట్‌మెంట్. శ్రీరాంపూర్‌లో చాలా ఏళ్లు ఆయనది రేడియో, టేప్‌రికార్డర్ రిపేర్ షాపు. దాంతోపాటు మైక్‌సెట్టు కిరాయికి ఇచ్చేవాడు. పెళ్లికీ, వినాయకుడికీ, బతుకమ్మకీ ఆయన హారన్లే. కార్మికులకు దసరా, దీపావళి పైసలు పడ్డాయంటే ఆంప్లిఫయర్ల ఆర్డర్లు క్యూ కట్టేవి. 4440 ఐసీ వేసి, ట్రాన్స్‌ఫార్మర్ బిగించి, చెక్క డబ్బాలో కూర్చోబెట్టి ఇచ్చేవాడు. ఏ ఇంట్లోంచి పాట వినబడుతున్నా, అది ఏ సంవత్సరం తను కట్టిన సెట్టో చెప్పేవాడు. అలాంటి మనిషి టీవీ ముందు నుంచి లేచి వెళ్లిపోవడం నాకు ఎక్కడో గుచ్చుకుంది.

వినబడకపోవడం అంటే మనం అనుకునేట్టు సౌండ్ మొత్తం తగ్గిపోవడం కాదు. వయసు మీద పడినా, ఏళ్ల తరబడి పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసినా ముందు దెబ్బతినేది పై ఫ్రీక్వెన్సీలు. చప్పుడు వల్ల వచ్చే నష్టమైతే మామూలుగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. మన మాటలో అచ్చులు కింది ఫ్రీక్వెన్సీల్లో గట్టిగా ఉంటాయి. స, శ, చ, త, ప లాంటి హల్లులకు గుర్తింపు ఇచ్చే సన్నటి శబ్దం పైన ఉంటుంది. అందుకే బాపుకి ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. 'పాట' అన్నా 'తాట' అన్నా ఆయనకు 'ఆట'లాగే ఉంటుంది. వాల్యూమ్ పెంచితే హల్లుతోపాటు అచ్చూ, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్కూ, బాంబూ అన్నీ పెరుగుతాయి. పైగా గట్టి బేస్ పై ఫ్రీక్వెన్సీలను కప్పేస్తుంది. అంటే మనవాళ్లు ఇష్టపడే 'దుమ్ము లేపే బేస్' బాపు లాంటివాళ్లకు మాటను ఇంకా మింగేస్తుంది.

దీనికి రిసీవర్ ఏం చేస్తుంది? సినిమా 5.1 సౌండ్‌లో డైలాగ్ చాలావరకు ఒక్క సెంటర్ ఛానల్‌లోనే ఉంటుంది. మ్యూజిక్, ఎఫెక్టులు ఎక్కువగా ముందు ఎడమ-కుడి, వెనక రెండిట్లో. దడదడలు ఆ '.1'లో. టీవీ ఒక్కటే ఉంటే ఇవన్నీ కలిపి, సన్నటి బెజెల్ కింద నేల వైపు చూసే రెండు చిన్న స్పీకర్లలోకి తోసేస్తుంది. రిసీవర్ ఉంటే ఎవరి దారి వాళ్లది. అప్పుడు సెంటర్ ఒక్కదాన్నే పెంచుకోవచ్చు. ఫైట్ అక్కడే ఉంటుంది, మాట మాత్రం ముందుకు వస్తుంది. బాపు కోసం నాకు కావాల్సింది ఈ ఒక్క సెట్టింగే. థియేటర్ ఎఫెక్టు బోనస్.

ఫోన్‌లో బాపుకి చెప్పాను. "ముప్పై వేలా? ఆరు వేలల్ల నేను కట్టిస్త" అన్నాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న: "ఎన్ని వాట్సురా?"

ఈ వాట్స్ గొడవ ఆన్‌లైన్‌లో ఇంకా పెద్దది. రెండు వేల రూపాయల బ్లూటూత్ డబ్బా మీద కూడా వేల వాట్ల పీఎంపీఓ అని రాసి ఉంటుంది. దాన్ని నిజమని నమ్మితే మా పక్కనున్న 1,200 మెగావాట్ల ప్లాంటుకు కూడా భయం వేయాలి. పేరున్న కంపెనీల లెక్క వేరు, వాళ్లు అబద్ధం చెప్పరు. కానీ ఒకే డబ్బాకు మూడు నిజాలు చెబుతారు. యమహా ఆర్‌ఎక్స్-వి385 అనే 5.1 రిసీవర్‌నే చూడండి. అందులో 135 వాట్స్ అని ఒక అంకె ఉంటుంది. ఒక్క ఛానల్ మాత్రమే నడుపుతూ, ఒకే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర, 10 శాతం డిస్టార్షన్ ఒప్పుకుని కొలిచింది అది. డిస్టార్షన్ ఒక శాతం లోపు ఉండాలంటే 100. రెండు ఛానళ్లు నడుపుతూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.09 శాతం డిస్టార్షన్‌తో అయితే 70. మూడూ అదే డబ్బా. మీరు ఏ రెండు రిసీవర్లను పోల్చినా '20 హెర్ట్జ్ - 20 కిలోహెర్ట్జ్, 2 ఛానల్స్' అన్న లైన్‌లోని అంకెనే పోల్చండి. ఒకరి 135ని ఇంకొకరి 70తో పోల్చి ఆర్డర్ పెట్టేసినవాళ్లు నా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

ఆ 70 అయినా ఎక్కువే. మామూలు స్పీకర్ ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో 87 డెసిబెల్స్ దాకా వినిపిస్తుంది. మా హాలు 10 బై 14 అడుగులు. సోఫా మూడు మీటర్ల లోపే. ఆ దూరంలో సినిమా చూడటానికి నాలుగైదు వాట్లు చాలు. ఎప్పుడో బాంబు పేలిన క్షణానికి ఇంకాస్త. సౌండ్ 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. అందుకే 70 వాట్స్‌కీ 90 వాట్స్‌కీ చెవికి తెలిసే తేడా దాదాపు సున్నా. ఆ తేడాకి నాలుగు వేలు పెట్టే బదులు మంచి సెంటర్ స్పీకర్ కొనడం తెలివైన పని. ఈ మాట చెబితే బాపు ఒప్పుకోలేదు. "వాట్సు లేని ఆంప్లిఫయర్ ఉప్పు లేని పప్పు" అన్నాడు.

ఆయన చెప్పిన ఆరు వేల అసెంబుల్డ్ సెట్టును తీసిపారేయను. పాటలకు అది బ్రహ్మాండం. చిక్కు ఎక్కడంటే, మన టౌన్లలో '5.1' అని కట్టించే చాలా సెట్లలో డాల్బీ డీకోడర్ ఉండదు. టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి రెండు వైర్ల సౌండ్ తీసుకుని దాన్నే ఐదు స్పీకర్లకు పంచుతుంది. ఐదు నోళ్లు, ఒకే మాట. వెనక స్పీకర్‌లోంచి కూడా హీరో డైలాగే వస్తుంది. సెంటర్‌లో డైలాగ్ విడిగా దొరకదు. విడిగా డీకోడర్ బోర్డు తెచ్చి కలిపేవాళ్లున్నారు. చేతిలో విద్య ఉంటే సరదా పని. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళితే విడి సామాన్లన్నీ దొరుకుతాయి. కానీ నేను ఊళ్లో ఉండేది నెలకు రెండు రోజులు. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే అమ్మ కూడా నడపగలిగేది కావాలి.

సరే, కొనడం. ఈ తరగతిలో మన దగ్గర ఎక్కువగా కనిపించిన పేర్లు మూడు: యమహా వి385, డెనాన్ ఎవిఆర్-ఎక్స్250బిటి, సోనీ ఎస్‌టిఆర్-డిహెచ్590. మూడూ ఐదు ఛానళ్లవే, మూడింటికీ హెచ్‌డీఎంఐ, ఆర్క్ ఉన్నాయి. ఇవి కొత్తవి కావు, యమహా, సోనీ 2018లో వచ్చినవి. పాతవైనా పనికొస్తాయి, ఎందుకంటే మన ఓటీటీల 5.1 సౌండ్‌కి ఇంతకన్నా అక్కర్లేదు. నేను యమహా తీసుకున్నాను. పెద్ద కారణమేం లేదు, ఆ వారం అదే తక్కువకు దొరికింది. అట్మాస్ కావాలంటే మామూలుగా ఏడు ఛానళ్ల రిసీవర్, పైకప్పుకు రెండు స్పీకర్లు పెట్టుకుంటారు. చిన్న హాలుకు, చిన్న బడ్జెట్‌కు అది వద్దనే అంటాను. ఆ డబ్బు సెంటర్ స్పీకర్ మీద పెట్టండి.

నా బడ్జెట్ మొత్తం అరవై వేలు. సగం రిసీవర్‌కి పోయింది. మిగతా సగంలో సెంటర్‌కే ఎక్కువ పెట్టి, వెనక రెండు చిన్నవి తీసుకున్నాను. వెనక స్పీకర్లలో వర్షం, జనం గోల తప్ప పెద్దగా ఏం రాదు, అక్కడ పీనాసితనం చూపించినా నడుస్తుంది. సబ్‌వూఫర్ మాత్రం సొంత ఆంప్లిఫయర్ ఉన్నదే కొనాలి. ఈ రిసీవర్లలో సబ్‌వూఫర్‌కు ఉండేది సిగ్నల్ సాకెట్టే, పవర్ కాదు. పాత సెట్టులోని సబ్ తెచ్చి కలుపుదామనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. సెకండ్ హ్యాండ్‌లో రిసీవర్ కొంటుంటే మీ పెన్‌డ్రైవ్ పాట వినిపించుకుని వచ్చేయకండి. హెచ్‌డీఎంఐ సాకెట్లు ఒక్కొక్కటీ టీవీకి పెట్టి చూడండి. సౌండ్ బాగున్నా, హెచ్‌డీఎంఐ బోర్డు పోయిన డబ్బాలే ఎక్కువగా అమ్మకానికి వస్తాయి.

పీఎస్5 ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ పాత తరం రిసీవర్లు 4కెలో 60 హెర్ట్జ్ దాకానే పంపుతాయి. 120 హెర్ట్జ్ గేమింగ్ కావాలంటే కన్సోల్‌ను నేరుగా టీవీకి కలిపేయండి. సౌండ్ ఆర్క్ మీద రిసీవర్‌కు తిరిగొస్తుంది.

పెట్టెలు దసరా సెలవులకు ముందే చేరాయి. డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదట. చివరికి నైట్ షిఫ్ట్ మామే లేచి తీసుకున్నాడు. ఆయనకు నేను రెండు సార్లు బాకీ.

బిగించిన రోజు కథ వేరే. కేబుల్స్ అన్నీ కలిపి సినిమా పెడితే రిసీవర్ డిస్‌ప్లేలో స్టీరియో అని వచ్చింది. డబ్బులు పోయాయనుకున్నాను. తప్పు రిసీవర్‌ది కాదు, టీవీది. మీరూ ఇక్కడే ఆగిపోతారు కాబట్టి చెబుతున్నా. టీవీలో ఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ సాకెట్‌కే కలపాలి. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేయాలి (ఒక్కో కంపెనీ దానికి ఒక్కో ముద్దుపేరు పెడుతుంది). డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను 'పీసీఎం' నుంచి 'ఆటో'కో 'పాస్‌త్రూ'కో 'బిట్‌స్ట్రీమ్'కో మార్చాలి. పీసీఎంలో ఉన్నంతసేపు ఆర్క్ రెండు ఛానళ్లే పంపుతుంది. ఆరు స్పీకర్లు కొని రెండే వింటున్న ఇళ్లు చాలా ఉండి ఉంటాయని నా అనుమానం. ఇంకోటి, యూట్యూబ్‌లో చాలావరకు స్టీరియోనే ఉంటుంది, అది 5.1 కాలేదని కంగారు పడకండి.

తర్వాత డబ్బాతో వచ్చిన చిన్న మైక్‌ను బాపు కూర్చునే చోట, ఆయన చెవి ఎత్తులో పెట్టి ఆటో సెటప్ నొక్కాను. ఈ మైక్ అన్ని మోడళ్లకు రాదు, కొనేముందు చూసుకోండి. ఒక్కో స్పీకర్ నుంచి బుస్సుమంటూ శబ్దం వదిలి, దూరం, లెవెల్ తనే లెక్కేసుకుంటుంది. చివర్లో ఒక వార్నింగ్: అవుట్ ఆఫ్ ఫేజ్. ఏదో స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. నేను ఫోన్ తీసి దాని అర్థం వెతుకుతున్నాను.

బాపు అప్పటిదాకా కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. లేచి గోడ గడియారంలోంచి సెల్లు పీకాడు. "వైర్లు డబ్బల్నుంచి ఊడవీకు" అన్నాడు. ఊడదీశాను. ఎడమ స్పీకర్ జాలీ తీయించి, దాని వైర్ల కొసలకు ఆ ఒకటిన్నర వోల్ట్ సెల్లును అలా తాకించి తీశాడు. కోన్ బయటికి ఉబ్బింది. "ఇది మంచిదే." సెంటర్‌కు తాకించాడు, బయటికే. కుడి స్పీకర్‌కు తాకించాడు. కోన్ లోపలికి పోయింది. "ఉల్టా." అంతే. ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్న నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను, చెవులు సరిగ్గా వినబడని మనిషి కళ్లతో ఫేజ్ పట్టుకున్నాడు. వైర్లు మార్చి మళ్లీ సెటప్ వేస్తే వార్నింగ్ రాలేదు. గడియారంలో సెల్లు తిరిగి పెట్టడం ఇద్దరం మరిచిపోయాం.

ఆపైన నేను మార్చినవి మూడే. సెంటర్ లెవెల్ 4 డెసిబెల్స్ పెంచాను. సబ్‌వూఫర్ తగ్గించి, మామ గోడ నుంచి దూరంగా జరిపాను. బేస్ గోడల్లోంచి దూరి వెళ్లినంత తేలిగ్గా మాట వెళ్లదు, నిద్ర చెడగొట్టేది అదే. డైనమిక్ రేంజ్ తగ్గించే ఆప్షన్ ఆన్ చేశాను, కొన్నిట్లో దాన్ని నైట్ మోడ్ అంటారు. గుసగుసకూ పేలుడుకూ మధ్య తేడాను అది తగ్గిస్తుంది. ఆడియో పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని పాపం అంటారు. వాళ్ల పక్కింట్లో నైట్ షిఫ్టు మామ ఉండడు కదా.

ఆ సాయంత్రం సంక్రాంతికి సగంలో వదిలేసిన సినిమానే మళ్లీ మొదటి నుంచి పెట్టాను. బాపు మొదట అరగంటలో ఒకసారి "ఏమన్నడు?" అన్నాడు. తర్వాత ఒక కామెడీ సీన్‌లో మా అందరితోపాటు నవ్వాడు. మాకన్నా ఒక క్షణం ఆలస్యంగా కాదు, మాతోపాటే. అమ్మ నా వైపు చూసింది. నేను టీవీ వైపు చూశాను.

నిజం చెప్పాలి. రిసీవర్ హాల్లోనే పనిచేస్తుంది. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే సెంటర్ లెవెల్ పెంచలేను. మర్నాడు ఆ మాటే మెల్లిగా ఎత్తి, ఈఎన్‌టీ దగ్గరికి వెళదాం, ఆడియోగ్రామ్ తీయిద్దాం అన్నాను. ఇంతకుముందు రెండుసార్లు అడిగితే "నాకేం చెవుడు లేదు" అని కోపానికి వచ్చాడు. ఈసారి వేరేలా చెప్పాను. "అది కూడా ఆటో సెటప్ లాంటిదే బాపూ. ఒక్కో ఫ్రీక్వెన్సీ ఇస్తరు, ఏది తక్కువున్నదో గ్రాఫ్ గీస్తరు." గ్రాఫ్ అనగానే ఆసక్తి కలిగింది. "ఎన్ని హెర్ట్జ్ దాంక చూస్తరు?" అని అడిగాడు. 8,000 దాకా అన్నాను. "సరే, సూద్దాం" అన్నాడు. మంచిర్యాలలో వచ్చే శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నేనూ తీయించుకుంటానని మాటిచ్చాను. రోజుకు ఎనిమిది గంటలు ఇయర్‌ఫోన్స్ నావి. మీవెన్ని గంటలు? ప్రపంచవ్యాప్తంగా వంద కోట్లకు పైగా యువత చెవులు ఇలాంటి అలవాట్ల వల్లే ప్రమాదంలో ఉన్నాయని డబ్ల్యూహెచ్‌ఓ అంటోంది.

బస్సుకు బయల్దేరుతుంటే టైమెంతైందని గడియారం చూశాను. ముందురోజు సాయంత్రం నాలుగుంబావు దగ్గరే ఆగి ఉంది. సెల్లు కోసం వెతికితే బాపు చేతిలో ఉంది, ఇంకో చేతిలో స్క్రూడ్రైవర్. రిసీవర్ పక్కన వంగి, పైన గాలి రంధ్రాల్లోంచి టార్చి వేసి చూస్తున్నాడు.

"ఇండ్ల ఏ ఐసీ ఏసిండ్రో ఒక్కసారి మూత దీసి సూడనీరా" అన్నాడు.

"వారంటీ పోతది బాపూ!"

వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో తెలియదు. మొదటి స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు.